నూట యాభై ఫ్రేముల మర్యాద

“మీసాల సంగతి తర్వాత చూద్దాం అన్నయ్యగారూ. ముందు గొర్రె చెవుల సంగతి చెప్పండి.”

జిర్గల్ మెట్ల మీదే ఆగిపోయాడు. భుజాన కెమెరా సంచి, చేతిలో పొయ్యిలోంచి అప్పుడే తీసిన మాంసం సంసాల పొట్లం. మందుల షాపు పైన, సురాంచి అన్న ముక్కలు కలిపి పెళ్ళి సినిమాలు చేసే ఒంటి గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల మాట్లాడుతున్నావిడ అత్‌బాషి నుంచి వచ్చిన అనార్కుల్. నెల పైచిలుకు కిందట తన కొడుక్కి సురాంచి అన్న మేనకోడల్ని చేసుకుంది. అంటే కొత్త వియ్యపురాలు. కొత్త వియ్యపురాలు కబురు చెయ్యకుండా, పెట్టె నిండా మిఠాయి లేకుండా, పొద్దున్నే తొమ్మిదింటికి నారిన్ బజారులో మెట్లెక్కి వచ్చిందంటే అది మంచికి కాదు.

“అవి చెవులు కాదు వదినగారూ. క్రాస్‌ఫేడ్. ఒక బొమ్మ కరిగిపోతుంటే రెండోది పైకి తేలుతుంది. మధ్యలో కాసేపు రెండూ కలిసి కనబడతాయి. అది మర్యాద.”

“మా అత్తగారికి గొర్రె చెవులు మొలిపించడం మర్యాదా?”

“డెబ్బై ఐదు ఫ్రేములిచ్చానండీ ఆవిడకి. మొత్తం సినిమాలో అంతకన్నా పొడుగు ఎవరికీ లేదు.”

“నేనంటున్నదీ అదే. రావడానికి డెబ్బై ఐదు, పోవడానికి డెబ్బై ఐదు. మీరు ఆవిడకి పెట్టింది ఆరు సెకన్లు. సెకనుకి పాతిక చొప్పున నూట యాభై. మరి ఆవిడ ఉండడానికి ఎన్ని మిగిలాయి?”

జిర్గల్ మనసులో తీసివేత చేశాడు. ఇంజనీరింగు కాలేజీలో మూడు సెమిస్టర్లు వెలగబెట్టి మానేసినవాడికి కూడా ఆ లెక్క తేలికగానే తేలింది. సున్నా.

లెక్క కట్టింది అనార్కుల్ కాదు, ఆవిడ అత్తగారు ఉర్కుయా అవ్వ. ముప్పై ఏళ్ళు సమష్టి వ్యవసాయ క్షేత్రంలో గొర్రెల్ని లెక్కపెట్టిన మనిషి. దొడ్డి గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటే, నాలుగు వందల గొర్రెలు దుమ్ము రేపుకుంటూ దూసుకుపోతున్నా ఒక్కటి తప్పేది కాదట. అలాంటి మనిషి చేతికి టీవీ రిమోటు ఇచ్చారు. నలభై మంది చుట్టాల ముందు పెళ్ళి సినిమా వేసి, తన ముఖం వచ్చిన చోట ఆపి, ఒక్కో ఫ్రేమూ దాటించి లెక్కపెట్టింది. మొదటి సగంలో పెళ్ళికూతురి చిన్నతాత మీసాలతో ఉంది. రెండో సగంలో పళ్ళెంలోని గొర్రె తల చెవులతో ఉంది. తనకు తానుగా ఒక్క ఫ్రేములోనూ లేదు.

జిర్గల్ లోపలికి వెళ్ళాడు. గొడవ చల్లార్చుదామనే వెళ్ళాడు. వాడికున్న జబ్బేమిటంటే నోట్లో మాట ఆగదు. “అమ్మా, అవ్వకి మేం తక్కువ చెయ్యలేదు. మా లెక్కలో విందులో అందిన ఎముకని బట్టి ఫ్రేములు. అవ్వది అన్నిటికన్నా పెద్ద ఎముక. బస్సు డ్రైవరుకైతే ఆరే ఇచ్చాం” అన్నాడు.

సురాంచి అన్న వాడికేసి చూసిన చూపుకి సంసాలు చల్లారిపోయాయి.

“అయితే డ్రైవరు ముఖం ఎన్ని ఫ్రేములు కనబడింది నాయనా?” అంది అనార్కుల్ మెత్తగా.

నూట ముప్పై ఎనిమిది. డ్రైవరు ముక్కా ఆరు సెకన్లే. ఆవిడ వేళ్ళ మీద లెక్క కట్టుకుంది.

లేచి శాలువా సర్దుకుని వెళ్ళబోతూ చెప్పాల్సింది చెప్పింది. కోడల్ని పుట్టింటికి తీసుకురావాల్సిన తొలి రాక ఈ నెలాఖరుకి అనుకున్నారు కదా. ఈ సినిమా సరిగ్గా తయారయ్యేదాకా అత్‌బాషి నుంచి ఎవరూ కదలరు. ముఖం లేని ముసలిదాన్ని వెంటబెట్టుకుని వియ్యాలవారి గుమ్మం ఎక్కడం తమ ఇంట్లో లేదు. ఎడిటరు పెళ్ళికూతురి సొంత మేనమామ కాబట్టి, ఇది పొరపాటో పక్షపాతమో తేల్చుకునే పని ఆయనదే.

పెళ్ళయిన పిల్ల అత్తవారు వెంటబెట్టుకుని తీసుకొచ్చేదాకా పుట్టింటి గడప తొక్కకూడదు. అత్‌బాషికీ నారిన్‌కీ మధ్య కారులో గంట ప్రయాణం. ఆ గంట దూరాన్ని సురాంచి అన్న నూట యాభై ఫ్రేములతో మూసేశాడు.

* * *

సురాంచి అన్నకి నలభై తొమ్మిదేళ్ళు. నారిన్‌లో ఆయన కలపని పెళ్ళి లేదు. రెండు వీడియో ప్లేయర్లు, వాటి మధ్య ఒక తీగ, ఇంతే ఆస్తిగా మొదలుపెట్టాడు. అప్పట్లో కరిగించడాలు లేవు, ఒక ముక్క పక్కన ఇంకో ముక్క అతికించడమే. చేసిన మొదటి సినిమాలోనే పుట్టింటి గుమ్మంలో ఏడుస్తున్న పెళ్ళికూతురి వెంటనే పొట్టేలు మెడ మీద కత్తి వచ్చింది. పెళ్ళికూతురి అన్నలు ముగ్గురు వచ్చి ప్లేయర్లలో ఒకదాన్ని కిటికీలోంచి కిందికి దింపారు. మెట్ల మీంచి దింపలేదన్నమాట.

ఆ తర్వాత కంప్యూటరు వచ్చింది, దానితో క్రాస్‌ఫేడ్ వచ్చింది. ఒకరి ముఖం మెల్లగా కరిగి ఇంకొకరి ముఖం అవుతుంటే చూసి ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడని చెప్పుకుంటారు. కత్తి లేకుండా మనుషుల్ని విడదీయడం, గొడవ లేకుండా కలపడం. ఆయన వెతుకుతున్నది అదే.

అయితే ఎంతసేపు కరగాలి? ఇక్కడే సురాంచి అన్న అందరిలాంటి వాడు కాకుండా పోయాడు. సాఫ్ట్‌వేరు తనంతట తాను పెట్టే కొలత ఒక సెకను, పాతిక ఫ్రేములు. బజారు అవతల దుకాణం పెట్టిన ఎల్దార్ అందరికీ అదే పెడతాడు. “వాడి సినిమాలో ముత్తాతా, డ్రైవరూ ఒకేలా కరుగుతారు. వాణ్ణి విందులో వడ్డనకి పెడితే అందరికీ పక్కటెముకలే వేస్తాడు” అని సురాంచి అన్న ఈసడించుకునేవాడు.

విందులో ఏ ఎముక ఎవరి పళ్ళెంలోకి వెళ్ళాలో అందరికీ తెలుసు. తప్పితే ఏమవుతుందో కూడా తెలుసు. ఆ మర్యాదనే ఆయన సినిమాలోకి తెచ్చాడు. గళ్ళ నోటుబుక్కు కొని, ఎడమ వైపు ఎముకలు, కుడి వైపు ఫ్రేములు రాసుకున్నాడు. తల అందుకునే పెద్దాయనకీ, తోక పక్క మాంసం అందుకునే పెద్దావిడకీ డెబ్బై ఐదు. తుంటి ఎముక వాళ్ళకి యాభై. తొడ ఎముక వాళ్ళకి ముప్పై ఎనిమిది. పక్కటెముకలకి పన్నెండు. ఎముక లేకుండా తిని పోయేవాళ్ళకి ఆరు. పంతొమ్మిదేళ్ళుగా ఆ పుస్తకం ప్రకారమే నారిన్ జనం కరుగుతున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకంటే ఎవరూ లెక్కపెట్టలేదు.

పుస్తకం ఆయన బుర్రలోకి కూడా ఎక్కింది. బస్సు మలుపు తిరిగి కనబడకుండా పోతే “ముప్పై ఎనిమిది” అనుకునేవాడు. కొట్లోంచి బేరగాడు విసురుగా లేచిపోతే “ఆరు కూడా లేదు” అనేవాడు. మేనకోడలు ఐనజిక్‌ని అత్తవారి కారెక్కించిన రోజున, కారు దుమ్ములో కలిసిపోతుంటే పక్కనే నిలబడి పెదాలు కదిపాడు. అక్క బూరుల్ దువా చదువుతున్నాడనుకుంది. జిర్గల్‌కి తెలుసు, రెండు వందల దాకా లెక్కపెట్టి ఆపేశాడు.

పంతొమ్మిదేళ్ళలో ఆయన చెయ్యని తీసివేత ఒకటే. ఎంత గౌరవం పెరిగితే మనిషి అంత తక్కువగా కనబడతాడు. నిండు గౌరవానికి నిండు సున్నా. నారిన్‌లో గౌరవనీయులంతా పక్కవాడి మీసాలతోనో పళ్ళెంలోని మాంసంతోనో కలిసే బతికారు. డ్రైవర్లు మాత్రం చంద్రుళ్ళలా వెలిగారు.

* * *

ఆ వారం రోజుల్లో సురాంచి అన్న మూడు సినిమాలు పంపాడు, మూడూ తిరిగొచ్చాయి.

మొదటిదాంట్లో అవ్వకి పన్నెండు ఫ్రేములే పెట్టాడు. ముఖం నిండుగా కనబడింది. కానీ జిర్గల్ పుణ్యమా అని ఎముకల లెక్క అప్పటికే అత్‌బాషి అంతా పాకింది. పన్నెండంటే పక్కటెముక. మా అత్తగారిని తోడికోడళ్ళ వరసలో కూర్చోబెడతారా అని అనార్కుల్ ఫోను చేసి అడిగింది. రెండోదాంట్లో క్రాస్‌ఫేడ్ మొత్తం తీసేసి ముక్క పక్కన ముక్క పెట్టాడు. పెళ్ళి సినిమాలో వియ్యాలవారి ముఖానికీ ముఖానికీ మధ్య కత్తి పెడతావా అని ఈసారి పెళ్ళికొడుకు పెదనాన్న ఫోను చేశాడు. మూడోదాంట్లో అందరికీ యాభై ఇచ్చాడు. అందరికీ ఒకటే అయితే మా అవ్వకి మీరిచ్చిందేమిటని అటు నుంచి, మా చిన్నాన్న మీసాలు తెల్లబడింది డ్రైవరుతో సమానం కావడానికా అని ఇటు నుంచి, ఒకే రోజు రెండు ఫోన్లు.

అత్‌బాషి నుంచీ నారిన్ నుంచీ ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఫోను చెయ్యడం మొదలుపెట్టారు. పదేళ్ళ కిందటి పెళ్ళిళ్ళ సినిమాలు బయటికి తీసి రిమోట్లు పట్టుకున్నారు. ఒకాయన తన బావమరిదికి తనకన్నా పన్నెండు ఫ్రేములు ఎక్కువొచ్చాయని కనిపెట్టి, బావమరిదితో మాటలు మానేశాడు.

అసలు మందు ఒకటుంది. అవ్వ ముక్క పొడుగ్గా ఉంటే చాలు. ఇరవై సెకన్లు ఉంటే, రెండు వైపులా డెబ్బై ఐదేసి పోయినా ముఖం మిగులుతుంది. ఆ సంగతి సురాంచి అన్నకి మొదటి రోజే తెలుసు. అది ఎందుకు కుదరదో కూడా తెలుసు. ఉర్కుయా అవ్వ ఆ రోజు మైకు పట్టుకుని నాలుగు నిమిషాలు దీవించింది. జిర్గల్ తీసింది పదకొండు సెకన్లు. అందులో మొదటి ఐదు నేల.

వాడంతే. ఒక చోట నిలబడలేడు. కాలేజీలో నిలబడలేదు, బిష్కెక్‌లో టైర్ల కొట్లో నిలబడలేదు, పెళ్ళిలో కెమెరా వెనకా నిలబడడు. ఏ దృశ్యమైనా ఆరేడు సెకన్లయ్యేసరికి వాడికి విసుగు. “నీ చేతిలో కెమెరాకి తేలు కుట్టిందేమిట్రా” అని సురాంచి అన్న ఎన్నిసార్లు తిట్టాడో. అవ్వ దీవించే వేళకి వేడి మాంసం వచ్చింది. వాడు కెమెరా బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

ఆ మాట అనార్కుల్‌తో ఒక్కసారి అని ఉంటే తప్పు వాడిది అయ్యేది. సురాంచి అన్న మేనమామ పక్షపాతం ఎగిరిపోయేది. అనలేదు. మాంసం ఉడికేలోపు, మూడు గంటల్లో సినిమా అయిపోవాలని మీరే అన్నారు కదా వదినగారూ, అందుకే కుదించాను అని పదేపదే చెబుతూ వచ్చాడు. జిర్గల్ పక్కనే కూర్చుని వింటూ వచ్చాడు. నోట్లో మాట ఆగని వాడికి ఆ ఒక్క మాట మాత్రం ఎందుకో ఆగింది.

శుక్రవారం మధ్యాహ్నం బూరుల్ వచ్చింది. తమ్ముడికి పిండి ముక్కలతో బూర్సోకులు వేయించి గుడ్డలో మూట కట్టి తెచ్చింది. మూట బల్ల మీద పెట్టి, విప్పకుండా కూర్చుంది. కూతురి కోసం కొత్త బొంతలు కుట్టి మడతపెట్టి పెట్టిందట, రోజూ పొద్దున్నే వాటిని తీసి మళ్ళీ మడతపెడుతోందట. ఫోనులో మాట్లాడితే పక్కన ఎవరో ఒకరుంటారు. పిల్ల బాగున్నానంటుంది. ఆ గొంతులో బాగుందో లేదో తేలదు. ముఖం చూడాలి.

“ఒరేయ్ సురాంచీ, నువ్వు ఎవరికెన్ని ఇస్తావో నాకక్కర్లేదు. దాన్ని చూసి నలభై మూడు రోజులైంది. నీ పుస్తకంలో తల్లికి ఎన్ని రాశావు?”

ఆయన పుస్తకం తియ్యలేదు. తల్లులకి విడిగా గడి లేదు. వచ్చిన ఎముకని బట్టే.

* * *

సోమవారం ఉర్కుయా అవ్వే వచ్చింది. కోడలు అనార్కుల్ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, కర్ర ఊతంగా పద్దెనిమిది మెట్లూ లెక్కపెట్టుకుంటూ ఎక్కి, కంప్యూటరు ముందున్న కుర్చీలో కూర్చుంది. సురాంచి అన్నకి స్టూలు మిగిలింది. జిర్గల్ టీ పోశాడు, రొట్టె విరిచాడు. అవ్వ పాలు ఇంకొంచెం పొయ్యమంది. తర్వాత పని మొదలైంది.

“మా కోడలికి కోపం. నాకు కోపం లేదు నాయనా. లెక్క కుదరకపోతే నాకు నిద్రపట్టదు, అంతే. ఇద్దరికీ మధ్య ఏదైనా ఒకటి పెట్టు. ఎవరి మీదా ఎవరూ పడకుండా.”

సురాంచి అన్న తలకాయ ఊపి, పెళ్ళిలో తీసిన బొమ్మలన్నీ పరిచాడు. మనుషులు లేనివి కావాలి. మొదట గుర్రం పెట్టాడు. అవ్వ కళ్ళజోడు సవరించుకుని, అది పెళ్ళికొడుకు పెదనాన్న గుర్రమని, దాని మీదుగా వెళ్ళడానికి ఆడపెళ్ళివాళ్ళు ఒప్పుకోరని చెప్పింది. కొండ పెట్టాడు. కొండ అత్‌బాషి వైపుది, నారిన్ వాళ్ళేమంటారు? నది పెట్టాడు. అనార్కుల్ గోడ పక్కనుంచి కలగజేసుకుని, కొత్త జంట సినిమాలో పారిపోయే నీళ్ళు చూపిస్తారా అంది. పూలు పెట్టాడు. అవి ప్లాస్టిక్‌వి, హాలు వాడివి, నిన్న ఇంకో పెళ్ళిలో కూడా అవే ఉన్నాయి. ఆకాశం పెట్టాడు. ఆకాశం మీద ఎవరికీ అభ్యంతరం లేదు గానీ, జిర్గల్ ఆకాశాన్ని రెండు సెకన్లే తీశాడు.

సురాంచి అన్న చెయ్యి జాబితాలో కిందికి జారింది. అక్కడొక పొడుగాటి ముక్క ఉంది. నాలుగు నిమిషాల చిల్లర. ఇన్నాళ్ళూ ఆయన దాన్ని తెరవలేదు. తెరవకూడదని కాదు, బల్ల మీద పడేసిన కెమెరాలో ఏముంటుందని. నొక్కాడు.

తెర నిండా ఒక రొట్టె. గుండ్రంగా, నువ్వులు చల్లి, ఒక అంచున పొయ్యి గోడకి అంటి కాస్త మాడిన మచ్చతో. కదలదు, మెదలదు. వెనక నుంచి మైకులో గొంతు వినబడింది.

“నా పిల్లలారా, మీ గుమ్మం ఎప్పుడూ తెరిచి ఉండాలి…”

అవ్వ కర్ర మీద రెండు చేతులూ పెట్టి ముందుకి వంగింది. అది ఆవిడ గొంతు. మొత్తం నాలుగు నిమిషాలూ, ఒక్క మాట పోకుండా. తాతముత్తాతల పేర్లు, పాడిపంటల మాట, వచ్చిన పిల్లని కూతురిలా చూసుకుంటామన్న మాట. రొట్టె వింటున్నట్టే ఉంది. మాటల మధ్యలో కెమెరాకి దగ్గరగా ఇంకో చప్పుడు. ఎవరో శ్రద్ధగా నములుతున్నారు. మధ్యలో ఒకసారి ఎముక పీల్చిన చప్పుడు కూడా.

గదిలో అందరూ జిర్గల్ వైపు చూశారు. సురాంచి అన్న ఒక్కడే తెర వైపు చూస్తూ ఉండిపోయాడు.

“మాంసం బాగుందా నాయనా?” అంది అవ్వ.

జిర్గల్ చెవులు ఎర్రబడ్డాయి. తప్పు నాదేనన్నాడు. అవ్వని పదకొండు సెకన్లే తీశానని, అన్నకి మొదట్నుంచీ తెలుసని, తన పేరు బయటపెట్టలేదని, అక్కడికి ఆగకుండా మాంసం నిజంగానే బాగుందని కూడా చెప్పేశాడు. అనార్కుల్ ఏదో అనబోయింది. అవ్వ చెయ్యెత్తి ఆపింది.

“మళ్ళీ వెయ్యి.”

రెండోసారి విన్నాక, బల్ల మీద పడ్డ రొట్టె నలుసొకటి వేలితో అద్ది తీసుకుని, నుదుటికి తాకించి నోట్లో వేసుకుంది. తర్వాత తీర్పు చెప్పింది. ప్రతి మనిషీ రొట్టెలోకి కరగాలి, రొట్టెలోంచి తేలాలి. రొట్టె మీద పడినందుకు ఎవరికీ చిన్నతనం లేదు. రొట్టెకన్నా పైన కూర్చునేవాడు నారిన్‌లోనూ లేడు, అత్‌బాషిలోనూ లేడు. తన గొంతు మాత్రం తన ముఖం దగ్గరే మొదలై, రొట్టె మీదుగా, ఆ వరస అంతా వినబడుతూ ఉండాలి.

“అన్ని చోట్లా ఇదొక్క రొట్టేనా అవ్వా?” అన్నాడు సురాంచి అన్న.

“ఒకటే మంచిది. రెండు పెడితే ఎవరి రొట్టె పెద్దదని అడుగుతారు.”

“సరే. మరి ఎవరికెన్ని ఫ్రేములు?” ఆయన చెయ్యి అలవాటుగా సొరుగులోని గళ్ళ పుస్తకం వైపు వెళ్ళింది.

“రొట్టె ముందు కూడా ఎముకలు పంచుతావా? అందరికీ ఒకటే పెట్టు. ఈ పెట్టె మామూలుగా ఎంత పెడుతుంది?”

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “ఇరవై ఐదు” అన్నాడు.

అవ్వ లెక్క కట్టింది. రావడానికి పాతిక, పోవడానికి పాతిక. మిగిలింది వంద. “వంద చాలు. వంద గొర్రెలంటే చిన్న మందేం కాదు.” లేచి, కోడలి చెయ్యి ఈసారి పట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పంతొమ్మిదేళ్ళు కష్టపడి ఎల్దార్ దగ్గరికి చేరుకున్నాడు సురాంచి అన్న. పెళ్ళికొచ్చిన వాళ్ళు మూడు వందల నలభై మంది. అన్ని ముక్కలూ ఒకేసారి ఎంచుకుని ఒక్క మీట నొక్కితే సాఫ్ట్‌వేరే అందరికీ పాతిక పెట్టేస్తుంది, టీ చల్లారేలోపు పని అయిపోతుంది. జిర్గల్ ఆ మాట అన్నాడు కూడా. ఆయన వినిపించుకోలేదు. మూడు రోజులు కూర్చుని, ఒక్కో ముఖానికీ వచ్చేటప్పుడొకసారి, పోయేటప్పుడొకసారి, చేత్తో రెండు, ఐదు అంకెలు కొట్టాడు. ముత్తాతకీ కొట్టాడు, డ్రైవరుకీ కొట్టాడు. డ్రైవరు దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగి నిట్టూర్చాడు.

సినిమా నాలుగు గంటలకి పది నిమిషాలు తక్కువగా తేలింది. అత్‌బాషిలో వేసిన రోజున మాంసం ముద్దయిపోయింది, ఎముకలు వాటంతటవే ఊడిపోయి ఏది ఎవరిదో తెలియలేదు. ఎవరూ గొడవ పడలేదట. మాడిన మచ్చ రొట్టె కనబడినప్పుడల్లా ముసలివాళ్ళు చేతులతో ముఖం తడుముకుని ఆమీన్ అన్నారట. రెండు వైపులవాళ్ళూ ఆ రొట్టె తమ పొయ్యిలోదేనని చెప్పుకుంటున్నారు. అదింకా తేలలేదు. మర్నాడే నారిన్‌లో ఇద్దరు ఫోను చేసి, తమ సినిమాలో కూడా రొట్టె వెయ్యమన్నారు, అయితే తమ సొంత రొట్టె అన్నారు.

తొలి రాక ఆదివారానికి ఖాయమైంది. బూరుల్ బొంతలు ఇంకోసారి మడతపెట్టింది.

శనివారం మధ్యాహ్నం జిర్గల్ కెమెరా బ్యాటరీలు సర్దుకుంటున్నాడు. సురాంచి అన్న గళ్ళ పుస్తకాన్ని కుంటి స్టూలు కాలి కింద పెట్టాడు. అప్పటిదాకా ఎక్కడ వేసినా ఊగుతూ ఉండే స్టూలు కుదురుకుంది. దాని మీద కూర్చుని, జిర్గల్ చేతిలోంచి కెమెరా తీసుకుని, లెన్సు మీద లేని దుమ్ము చాలాసేపు తుడిచాడు.

“రేపు తియ్యడానికి నువ్వే వెళ్ళు” అన్నాడు.

“నేనా? నా చేతిలో కెమెరాకి తేలు కుడుతుందన్నావుగా.”

“కుడితే కుట్టనీ. ఒక్కటి అడుగుతాను, చేసిపెట్టు. అక్కా వాళ్ళ గేటు ముందు కారు ఆగగానే మొదలుపెట్టు. పిల్ల దిగి, మా అక్క దగ్గరికి నడిచి, ఇద్దరూ కలిసి లోపలికి వెళ్ళేదాకా కెమెరా ఆపకు. చెయ్యి వణికినా, ఎవరడ్డమొచ్చినా, లోపల ఏం వడ్డించినా ఆపకు. ఒకటే ముక్క కావాలి నాకు. కలపడానికి నాకేమీ మిగల్చకు.” కెమెరా తిరిగి వాడి చేతిలో పెట్టాడు. “రొట్టె మాత్రం తియ్యకు.”